ఎండు పుల్లల్లా వచ్చిన మొక్కలు, అమ్మమ్మ పోసిన నీళ్ళు

పోయిన వీడియోలో మొక్కలు నాటితే వచ్చే పుణ్యం గురించి మాట్లాడుకున్నాం కదా. అందులో ఒక విషయం చెప్పకుండా దాటేశాను. కెమెరా ముందు చెప్పడానికి సిగ్గేసింది. ఇక్కడ రాసేస్తున్నాను.

మాది సీలేరు. నర్సీపట్నం నుంచి చింతపల్లి, దారకొండ మీదుగా ఘాట్ రోడ్డులో వెళ్ళాలి. పవర్‌హౌస్ ఉన్న ఊరు అంటే చాలామందికి తెలుస్తుంది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఇల్లూ పెరడూ చూసుకునేది అమ్మమ్మ.

పోయినేడు సంక్రాంతికి ముందు ఆన్‌లైన్‌లో నాలుగు యాపిల్ మొక్కలు తెప్పించాను. హెచ్ఆర్ఎంఎన్-99 అనే రకం. హిమాచల్ ప్రదేశ్‌లోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ తయారుచేశారు. ఆయనకి 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది. గట్టి చలి లేని చోట కూడా కాస్తుందని దీనికి పేరు. మన దగ్గర ఆసిఫాబాద్ వైపు ధనోరాలో ఒక రైతు యాపిల్ పండించి 2020లో వార్తల్లోకి వచ్చారు. అక్కడ కాసింది మా సీలేరులో కాయదా అనిపించింది.

ఇవి బేర్‌రూట్ మొక్కలు. అంటే చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతున్నప్పుడు తవ్వి తీసి, మట్టి దులిపేసి, ఉత్త వేళ్ళతో పంపిస్తారు. కుండీ బరువు ఉండదు కాబట్టి చవక. కానీ ఒక్కటే షరతు, వేళ్ళు ఆరిపోకూడదు. నేనేం చేశానంటే, ఆఫీసులో రిలీజ్ ఉందని పార్సిల్‌ని నాలుగు రోజులు విప్పకుండా ఫ్లాట్‌లో ఒక మూల పడేశాను. అప్పుడే "వృక్షో రక్షతి రక్షితః" అని ఒక షార్ట్ కూడా పెట్టాను.

ఊరికి తీసుకెళ్ళి చూపిస్తే అమ్మమ్మ నవ్వింది. "ఏటి బాబూ ఈ పుల్లలు, పొయ్యిలోకా?" అంది. తరువాత ఒక్కోదాని బెరడు గోటితో గీకి చూసింది. రెండింట్లో లోపల పచ్చగా ఉంది. రెండు గోధుమరంగుకి తిరిగిపోయాయి. ఆ రెండూ నా నాలుగు రోజులకి పోయినవి.

బతికిన రెండింటి వేళ్ళని రాత్రంతా బకెట్ నీళ్ళలో ఉంచాం. పొద్దున్నే విరిగిన వేళ్ళ కొసలు కత్తిరించి, వేళ్ళు మడతపడకుండా వెడల్పుగా పరిచి నాటాం. అంటు కట్టిన చోటు మట్టికి నాలుగు వేళ్ళ పైన ఉండాలి. గోతిలో వేళ్ళకి తగిలేలా పచ్చిపేడ వెయ్యకూడదు. మట్టిని కాలితో మెల్లగా అదిమి నిండా నీళ్ళు పోస్తే లోపలి ఖాళీలు పూడతాయి. పైకొస కొంచెం కత్తిరించాం. మేకలు రాకుండా అమ్మమ్మ వెదురు దడి కట్టించింది. నేను ఫొటో తీసుకుని, స్టేటస్ పెట్టుకుని, బస్సెక్కేశాను.

మన వీడియోలో చెప్పిన మాట, "ఒక చెట్టు పదిమంది కొడుకులతో సమానం". మత్స్యపురాణంలోది. అందరం ఫార్వర్డ్ చేసుకుంటాం. కానీ ఆ మాట ఎవరు, ఎప్పుడు అన్నారో చూడండి. పార్వతీదేవి ఒక అశోక మొక్కని తన బిడ్డగా భావించి పెంచుతుంది. ఇదేంటమ్మా అని అడిగినవాళ్ళకి ఆవిడ చెప్పిన జవాబు అది. అంటే మొక్క పాతి ఫొటో దిగినవాళ్ళ మాట కాదు, నీళ్ళు పోస్తున్న అమ్మవారి మాట. పదిమంది కొడుకుల్ని కని రోడ్డు మీద వదిలేస్తే ఎవరైనా పుణ్యం అంటారా? నేను చేసింది అదేగా! వేసవి అంతా పొద్దున్నే మొదట్లో ఎండుటాకులు సర్ది, చెదలు పట్టిందేమో చూసి, చెంబుతో నీళ్ళు పోసింది అమ్మమ్మ. ఆవిడ మత్స్యపురాణం చదవలేదు.

ఈ ఫిబ్రవరిలో పూత వచ్చింది. తరువాత గోళీలంత పిందెలు. మొదటి ఒకట్రెండేళ్ళు పిందెలు తీసేస్తేనే వేరు బలపడుతుందని నేను చదివాను. ఫోన్‌లో చెబితే అమ్మమ్మకి కోపం వచ్చింది. మా మన్యంలో మామిడి కొత్త చేసి దేవతకి పెట్టేదాకా చాలా ఇళ్ళల్లో కొత్త కాయ ముట్టరు. "తొలికాయ తల్లికి పెట్టకుండా తుంచేస్తావా? మళ్ళీ ఏడు నేనుంటానో లేదో."

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కర్మ మీదే నీకు అధికారం, ఫలం మీద కాదు అని గీత రెండో అధ్యాయం మీద నాలుగు ఎపిసోడ్లు చేసినవాణ్ణి. డెబ్భై ఆరేళ్ళ మనిషికి ఆ కాయ తుంచెయ్యమని ఎలా చెప్పను? "నీ ఇష్టం అమ్మమ్మా" అని పెట్టేశాను.

మూడో రోజు ఆవిడే ఫోన్ చేసింది. పిందెలన్నీ తానే తుంచి, ఆకులో పెట్టుకుని, జీపెక్కి దారకొండ వెళ్ళి ధారాలమ్మ తల్లికి పెట్టొచ్చిందట. "పిందె మాత్రం కాయ కాదేటి? తల్లికి తెలీదా?" అంది. నేను ఎపిసోడ్లలో చెప్పింది ఆవిడ అలా చేసేసింది.

అయితే నిన్న వీడియో కాల్‌లో చెట్టు చూపిస్తుంటే ఆకుల చాటున ఒకటి ఎర్రగా కనిపించింది. అదేంటి అని అడిగితే ఫోన్ అటు తిప్పేసి, "అది నాకు కనబళ్ళేదురా" అంది.