ముందు వరస ఎవరిది?

వియన్నా స్టేట్ ఒపేరాలో టికెట్టు కొందామని కూర్చుంటే మొదట కనబడేది హాలు పటం. ఒక్కో రంగుకు ఒక్కో ధర. మంచి వరసల్లో, మధ్య బాక్సుల్లో కుర్చీ ధర రెండు వందల యూరోలు దాటుతుంది. పక్క బాక్సుల్లో వెనక కుర్చీలు చవకే గాని అక్కణ్ణుంచి వేదిక సగమే కనబడుతుంది. ఐరోపా యాత్రకు బయల్దేరిన తెలుగు కుటుంబం తర్జనభర్జన పడేది ఇక్కడే: ఇంత దూరం వెళ్లి సగం చూసి రావడమా, నాలుగు టికెట్ల డబ్బు రెండింటికే పోయడమా?

ఈ లెక్కల్లో పడి చాలామంది గమనించని చోటు ఒకటుంది. ఆ హాల్లో నిలబడి చూసేవాళ్లకని నాలుగు వందలకు పైగా స్థలాలు కేటాయించారు. వాటిలో మేలైనవి కింద అంతస్తులో, నట్టనడుమ, ఒకప్పుడు చక్రవర్తి బాక్సు ఉన్న చోటుకు సరిగ్గా దిగువన ఉంటాయి. టికెట్టు ధర ఖరీదైన కుర్చీలో పదో వంతు కూడా ఉండదు. లోపలికి వెళ్లినవాళ్లు మెడలో స్కార్ఫు తీసి ముందున్న కమ్మీకి ముడివేసి, కాఫీకి పోతారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫు వేసి సీటు పట్టినట్టే. ఆ ముడిని ఇంకొకరు విప్పరు. తెర లేచాక చక్రవర్తి చూసినదాన్నే ఆ కమ్మీకి ఆనుకున్న విద్యార్థి కూడా చూస్తాడు, అదే పాట వింటాడు.

కళకు దగ్గరగా ఉండే హక్కును ఎలా పంచాలి? డబ్బును బట్టా, హోదాను బట్టా, ముందొచ్చినవాడిదన్న న్యాయాన్ని బట్టా? చూసే ఆటలో దేవుడు కూడా ఉంటే ఈ ప్రశ్న మరీ పదునెక్కుతుంది. ఏ దేశం ఏ జవాబు చెప్పుకుందో అక్కడి నాటకశాల కట్టడమే చెబుతుంది.

ముందు వరసే మంచిదన్నది కూడా ఎల్లవేళలా నిజం కాదు. మన సినిమా హాళ్లలో తెర ముందున్న నేల టికెట్టే అన్నిటికన్నా చవక, దూరంగా ఉన్న బాల్కనీ ప్రియం. నాటకానికి వచ్చేసరికి అది తలకిందులు. అయినా ఒపేరా ప్రియులు చాలామంది పై గ్యాలరీకే ఎక్కుతారు, గొంతులూ వాద్యాలూ అక్కడ చక్కగా కలిసి వినిపిస్తాయని.

ఏథెన్సులో అక్రోపోలిస్ కొండ వాలున డయొనైసస్ దేవుడి నాటకశాల ఇప్పటికీ ఉంది. టికెట్టు కొని లోపలికి నడిచే యాత్రికుడికి మొదట కనబడేవి ముందు వరసలోని పాలరాతి సింహాసనాలు. ఎవరు ఎక్కడ కూర్చోవాలో రాతి మీదే చెక్కి ఉంది. అన్నిటికీ మధ్య, చెక్కడపు పనితో మెరిసేది డయొనైసస్ పూజారి ఆసనం. ఉత్సవాలకు దేవుడి విగ్రహాన్నే ఊరేగింపుగా తెచ్చి ఆటకు ఎదురుగా ఉంచేవారు. అసలు ప్రేక్షకుడు దేవుడే కాబట్టి ఆయన పూజారికి నడిమి చోటు దక్కడంలో వింత లేదు. అయితే ఆ నగరం ఇంకో పని కూడా చేసింది. ఉత్సవపు ఖర్చు కోసం పౌరులకు ఖజానా నుంచే డబ్బు పంచింది, పేదవాడు రెండు ఒబోల్ నాణేలు లేక గడప బయట ఆగిపోకూడదని. ముందు వరస హోదాకు పోయినా, లోపలికి రావడం మాత్రం పేదరికం వల్ల ఆగలేదు. బానిసలకు ఆ డబ్బు అందలేదన్న సంగతి మరవకూడదు గాని, కళ చూడడం పౌరుడి అవసరమని ఒక ప్రభుత్వం ఒప్పుకోవడం చిన్న విషయం కాదు.

మన దేశానికి వస్తే, భరతుడి నాట్యశాస్త్రం రెండో అధ్యాయం పూర్తిగా నాటకశాల గురించే. మనుషులకు తగినదని ఆయన చెప్పిన మండపం పొడవు 64 మూరలు, వెడల్పు 32. మూరను అడుగున్నరగా లెక్కిస్తే పొడవు 96 అడుగులు. అందులో సగం నటులది, సగం చూసేవాళ్లది. అంటే చిట్టచివరి వరసకూ రంగానికీ మధ్య యాభై అడుగులు కూడా ఉండవు. అంతకన్నా పెద్దది కట్టవద్దనడానికి ఆయన చెప్పిన కారణాలు ఏ నాటక ప్రియుడైనా ఒప్పుకునేవే: మాట చెదిరిపోతుంది, ముఖంలో భావం కనబడదు. ఆసనాలు ఇటుకతో, కొయ్యతో, మెట్లమెట్లుగా ఉండాలన్నాడు. వెనక కూర్చున్నవాడిని కూడా తలచుకుని కొలతలు వేశాడన్నమాట.

కాని ఆ గ్రంథంలోనే ఒక చిక్కుముడి ఉంది. వేదం వినే అర్హత శూద్రులకు లేదన్నారు గనుక, అన్ని వర్ణాలకూ చెందే ఐదో వేదంగా బ్రహ్మ నాట్యాన్ని సృష్టించాడని మొదటి అధ్యాయం చెబుతుంది. రెండో అధ్యాయానికి వచ్చేసరికి మండపం స్తంభాలకు నాలుగు వర్ణాల పేర్లు పెట్టారు, తెలుపు, ఎరుపు, పసుపు, నీలం రంగులతో పూజలు చెప్పారు. అందరి కోసం పుట్టిన కళ, కట్టడం దగ్గరకు వచ్చేసరికి మళ్లీ మనుషుల్ని విడదీసింది. నేటి హాలు పటం మీది రంగులు కులాన్ని అడగవు, బ్యాంకు ఖాతాను అడుగుతాయి. అడిగే తీరు మారింది, అడగడం మానలేదు.

ఈ చర్చను లోలోతులకు తీసుకెళ్లినవాడు అభినవగుప్తుడు. వెయ్యేళ్ల కిందటి కాశ్మీరీ శైవ దార్శనికుడు. భరతుడి గ్రంథానికి రాసిన వ్యాఖ్యలో రసానుభవానికి అడ్డుపడే ఏడు విఘ్నాలను లెక్కించాడు. వాటిలో రెండు మంచి సీటుకు నేరుగా సంబంధించినవే: గ్రహించే సాధనం చాలకపోవడం, స్పష్టత లేకపోవడం. స్తంభం చాటున కూర్చున్నవాడికి రసం అందదంటే అది వాడి తప్పు కాదు. యాత్రికుడు పటం చూసి, అడ్డు ఉందో లేదో కనుక్కుని, నాలుగు డబ్బులు ఎక్కువైనా మంచి చోటు కొనుక్కోవడం విలాసం కాదనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం అక్కర్లేదు.

అయితే ఆయన చెప్పిన ఇంకో విఘ్నం ఉంది: తన సొంత సుఖదుఃఖాల్లో కూరుకుపోవడం. పెట్టిన డబ్బుకు తగినంత దక్కుతోందా, పక్కవాడికి ఇంతకన్నా బాగా కనబడుతోందా అని లెక్కవేస్తూ కూర్చున్నవాడు రంగానికి పది అడుగుల దూరంలో ఉన్నా నాటకంలో లేడు. ‘నేను, నాది’ అన్నది కాసేపు సడలితేనే రసం. మొదటి రెండు విఘ్నాలు తొలగించడానికి డబ్బు పనికొస్తుంది. మూడోదాన్ని మాత్రం అదే డబ్బు ఒక్కోసారి పెంచి పోషిస్తుంది.

ఇక ఆటలో దేవుడు కూడా ఉన్న చోట్లకు వస్తే, జర్మనీలో ఒబరామెర్‌గావ్ అనే కొండపల్లె ఉంది. 1633లో ప్లేగు చుట్టుముట్టినప్పుడు ఊరివాళ్లు క్రీస్తు చివరి రోజుల కథను ఆడతామని మొక్కుకున్నారు. 1634లో తొలి ఆట. ఇప్పుడది పదేళ్లకోసారి. 2020లో జరగవలసింది కొవిడ్ వల్ల 2022కి పోయింది, తర్వాతిది 2030లో. నాలుగు వేలకు పైగా సీట్లున్న హాలు, హోటలు గదితో కలిపి అమ్మే టికెట్లు, ప్రపంచం నలుమూలల నుంచి బస్సులు. మొక్కు దేవుడికి, టికెట్టు మనిషికి. ఈ రెండూ ఒకే చోట ఇముడుతాయా? ఇముడుతాయనే చెప్పాలి. ఊళ్లో పుట్టినవాళ్లో, ఇరవై ఏళ్లుగా ఉంటున్నవాళ్లో తప్ప ఎవరూ వేషం కట్టరాదన్న నియమాన్ని వాళ్లు అమ్మకానికి పెట్టలేదు. సీటు అమ్మారు గాని మొక్కు అమ్మలేదు.

కాశీలో తొమ్మిది నిద్రలు చేసే తెలుగువాళ్లకు గంగ ఆవలి ఒడ్డునే దీనికి పూర్తిగా భిన్నమైన నాటకశాల ఉంది. రామ్‌నగర్ రామలీల అనంత చతుర్దశి నాడు మొదలై 31 రోజులు సాగుతుంది. కాశీ రాజులు 19వ శతాబ్దం తొలి భాగంలో ప్రారంభించారు. టికెట్టు లేదు, కుర్చీ లేదు, మైకు లేదు. పెట్రోమాక్సు లాంతర్ల, కాగడాల వెలుగులోనే ఆట. అయోధ్య ఒక చోట, జనకపురి ఒక చోట, లంక ఊరి చివర మైదానంలో. రాముడు అడవికి నడిస్తే ప్రేక్షకులూ వెనకే నడుస్తారు. నిన్న ముందు కూర్చున్నవాడు ఇవాళ వెనకబడతాడు. ఎవరి చోటూ స్థిరం కాదు.

అక్కడ రోజూ తప్పక వచ్చేవాళ్లను నేమీలంటారు. స్నానం చేసి, తెల్లబట్టలు కట్టి, చంకలో రామచరితమానసం పెట్టుకుని వస్తారు. రామాయణీలనే గాయకులు పాడుతుంటే వీళ్లు చిన్న దీపం వెలుగులో అదే పద్యం చదువుకుంటారు. సంభాషణకు ముందు ‘చుప్ రహో, సావధాన్’ అన్న కేక లేస్తుంది, వేలమంది సద్దుమణుగుతారు. దూరాన ఉన్నవాడికి మాట అందకపోవచ్చు, కథ మాత్రం తెలుసు. చివర్లో వేషం కట్టిన పిల్లలకు హారతి ఇచ్చేటప్పుడు మతాబు వెలిగిస్తారు. ఆ కొద్ది క్షణాల వెలుగులో కనబడే రూపం కోసమే వచ్చేవాళ్లూ చాలామంది. రాజుగారు ఏనుగు మీద జనం వెనకనుంచి చూస్తారు. ఆ ఏనుగును ముందు నిలబెడితే ఊళ్లో ఎవరికీ ఏమీ కనబడదు.

తెలుగువాళ్లకు ఈ మాటలన్నీ తిరుమలను గుర్తుచేయక మానవు. ఉచిత సర్వదర్శనం ఒక వరస, 300 రూపాయల ప్రత్యేక ప్రవేశం ఒక వరస, శ్రీవాణి ట్రస్టుకు పదివేలు ఇచ్చినవాళ్లకు మరో దారి. ఆ సన్నిధి గడప పేరు కులశేఖర పడి. ఆ మెట్టుగా పడి ఉండి స్వామిని చూస్తూ ఉంటే చాలని కులశేఖర ఆళ్వారు కోరుకున్నారు. ఆయన రాజు. అడిగింది అందరూ దాటివెళ్లే చోటు.

టికెట్లు అమ్మడం పాపం కాదు. దీపాలకు, నటులకు, కొయ్యపనికి డబ్బు కావాలి. కాని అన్ని చోట్లూ ధరకే వదిలేసిన హాలు సగమే హాలు. వియన్నా పద్ధతిలో నడిమి స్థలం కొంత తక్కువ ధరకు ఉంచాలి. దాంతోపాటు, దగ్గరగా ఉంటే తప్ప చూడలేని, వినలేని వాళ్లకు ముందు చోటు దక్కాలి. మన ఊళ్ల సభల్లో ముందు వరస సోఫాలు ముఖ్య అతిథి పరివారం కోసం గంటల తరబడి ఖాళీగా ఉంటాయి, చెవులు మందగించిన పెద్దాయన పదిహేనో వరసలో చెయ్యి చెవికి అడ్డంపెట్టుకుని కూర్చుంటాడు. మండపం మరీ పెద్దదైతే ముఖం కనబడదని భరతుడు చెప్పింది ఆయన కోసమే. ఆ సోఫాల్లో ఆయన్నీ, పెద్దల భుజాల మధ్య నుంచి తొంగిచూసే పిల్లల్నీ కూర్చోబెట్టి, అతిథులకు వెనక వరస చూపించే నిర్వాహకుడు ఒక్కడైనా ముందుకు రావాలి.