మన్నింపు - మన్నన

మన తెలుగున మన్నించుట యను మాటకు రెండర్థములు కలవు. తప్పును సహించుట యొకటి. మనుష్యుని గౌరవించుట రెండవది. రెండును ఒక్కమాటలో నిమిడి యుండుటచే రెండును ఒక్కటియే యని మనము భ్రమపడుచుందుము. పరదేశమున గొంతకాలము మసలినవారికి వీని నడుమ నెంత దూరము గలదో తెలిసివచ్చును. జపాను దేశమున మాకు దెలిసివచ్చినది యిదియే.

అచ్చట ప్రతియింటి ముంగిటను గెంకాన్ అను పల్లపుచోటు కలదు. చెప్పులు ఆ చోటనే విడిచి, మెట్టెక్కి లోనికి బోవలయును. ఇది మన యింటి యాచారమే గదా యని మేము లోలోన నుబ్బితిమి. ఆ గర్వము సాయంకాలము వఱకైనను నిలువలేదు. మేము దిగిన సత్రములో మరుగుదొడ్డికి వేఱుగ నొక చెప్పులజత యుండెను. దానిని అచ్చటనే విడిచి రావలయును. మేము మఱచి, ఆ చెప్పులతోడనే తతామి చాపలు పఱచిన గదిలో నడుగిడితిమి. ఆ చాపలపై నే చెప్పులును మోపరాదు. సత్రపు యజమానురాలగు వృద్ధురాలు చూచెను, ఒక్కమాటయు ననలేదు. చిఱునవ్వుతో వంగి, చెప్పులు తీసికొని, చాపను తుడిచి వెడలిపోయెను.

ఆమె మనుమడే యట్లు చేసియుండినచో ఊరకుండెడిదా? తప్పక మందలించి యుండును. వాడు నేర్చుకొనవలసినవాడు, రేపు ఆ యింటిని నిలుపవలసినవాడు. మా వలన నామె యేమియు గోరలేదు గనుక మాకు మందలింపు లేకపోయెను. ఆ దేశమున పరదేశి, వారి భాషలో నొక్క నమస్కారము పలికినను మెప్పు వచ్చును. ఏండ్లకేండ్లు అచ్చట కాపురమున్నవారు సైతము ఆ పసివాని మెప్పునే వినుచుందురు. మొదట నది తీయగా నుండును. పిదప నొక గోడవలె దోచును.

అయిన నీ సదుపాయము ననుభవించువాని ధర్మమేమి? ఉమ్మడి స్నానశాలను జూడుడు. పెద్దతొట్టిలో దిగకమునుపే, వెలుపల గూర్చుండి, ఒడలు రుద్దికొని శుభ్రముగ గడుగుకొనవలయును. తొట్టిలోని వేడినీరు మురికి వదల్చుకొనుటకు గాదు, అలసట దీర్చుకొనుటకు. అది యందఱి నీరు. సబ్బునురుగుతో నందు దిగిన పరదేశిని ఎవరును కేకలు వేయకపోవచ్చును. కాని యా సహనమునకు వెల చెల్లించువారు వాని వెనుక వచ్చు ముసలివారును, పిల్లలును. అట్లే అన్నపుగిన్నెలో పుడకలను నిలువుగ గ్రుచ్చుట చనిపోయినవారికి బెట్టు అన్నపు రీతి. తెలియనివాడు భోజనపు బంతిలో నట్లు చేసినచో ప్రక్కవాని మనస్సు చివుక్కుమనును. తెలియక చేసినది ఒకమాఱు మన్నింపదగినదే. తెలిసికొనుటకే యత్నింపకుండుట మాత్రము పరుల యోర్పును దొంగిలించుట.

నమ్మని యాచారమును బాటించుట కపటము గాదా యని సంస్కారప్రియులగు చదువరులు ప్రశ్నింపవచ్చును. మన యింట అర్థములేని యాచారములను వదలుకొన్నవారము, పరుల యింట వానికేల తలయొగ్గవలయును? మా యుత్తర మిది. తొట్టిలోని నీరు మన నమ్మకమును గోరదు. మన జాగ్రత్తను గోరును. తోడివాని సౌఖ్యమును గాచు ఆచారమును బాటించుటలో కపటము లేదు. మనుష్యుని దక్కువపఱచు ఆచారమునకు మాత్రము స్వదేశియు దలయొగ్గ నక్కఱలేదు, పరదేశియు నక్కఱలేదు.

ఇక గృహస్థుని ధర్మము. హొక్కైదో ద్వీపమున ఒతారు అను రేవుపట్టణము కలదు. ఓడలలో వచ్చిన రష్యా నావికులు కొందఱు మర్యాద దప్పిరని, అచ్చటి యొక స్నానశాల జపానీయులకు మాత్రమే ప్రవేశమని పలక గట్టెను. ప్రవేశము దొరకని మువ్వురు న్యాయస్థానమున కెక్కిరి. వారిలో నొకరు జపాను పౌరసత్వమును స్వీకరించి, మరల వెళ్లినను, ముఖము జూచియే త్రిప్పి పంపిరి. 2002లో సప్పొరో జిల్లా న్యాయస్థానము ఇది జాతివివక్ష యని తేల్చి, ఒక్కొక్కరికి 10 లక్షల యెన్నులు చెల్లింపుమని తీర్పు చెప్పెను. ఇండ్ల విషయమును ఇట్టిదే. జపాను న్యాయశాఖ 2017లో వెల్లడించిన విచారణలో, గడచిన అయిదేండ్లలో ఇల్లు వెదకికొనిన పరదేశీయులలో నూటికి సుమారు 39 మంది, పరదేశీయులైన కారణముననే తమకు ఇల్లు ఈయలేదనిరి. తప్పు చేసినవానిని మన్నించు దేశమే తప్పు చేయనివానికి దలుపు మూసినది! ఇందు వింత లేదు. రెంటియందును ఎదుటివానిని ఒక మనుష్యునిగ జూచుట లేదు. పరదేశి యను నొక గుంపుగ జూచుటయే.

ఇందులకు భిన్నమైన యింటిని గూడ జెప్పవలయును. 1915లో ఆంగ్లప్రభుత్వమునకు జిక్కక జపాను చేరిన రాస్ బిహారీ బోసును దేశము వెడలింప నాజ్ఞ యయినప్పుడు, తోక్యోలోని షింజుకులో నకమురయ యను రొట్టెలయంగడి నడపు సోమా దంపతులు తమ యంగడి వెనుక దాచిరి. 1918లో తమ కుమార్తె తోషికోను ఆయనకిచ్చి పెండ్లి చేసిరి. 1927లో ఆ యంగడిలో బోసు నేర్పిన భారతదేశపు కూర విందులోనికి వచ్చెను. అది నేటికిని అచ్చట దొరకును. వారు బోసును సహింపలేదు. ఆయన కొఱకు దామే యపాయమునకు లోబడిరి, ఆయన వలన నేర్చుకొనిరి. మన్నన యనగా నిది. ఇచ్చుటయు, పుచ్చుకొనుటయు, ఒకరినుండి యొకరు కోరుటయు నందుండును.

జపానువారి తప్పులెన్నుటకు మేమిది వ్రాయలేదు. ఫలానివారికే అద్దెకిత్తుమను మాట మన పట్టణములలోను వినబడుచునే యున్నది. కావున చదువరులారా, మీ యింటికి పరదేశి వచ్చినప్పుడు వానిని మెచ్చుకొని యూరకుండకుడు. చెప్పులెచ్చట విడువవలయునో చూపుడు. తప్పినచో నగుచునే దిద్దుడు. వాడు మీ తప్పు జూపినచో వినుడు. మేము మరల నా సత్రమునకు బోయితిమేని, ఆ వృద్ధురాలు మమ్మొకమాఱు మందలించిన జాలునని కోరుకొనుచున్నాము.