నీళ్ళలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకు

ఒరే నాన్నా, కారు కొన్నావు, సంతోషం. వానాకాలం వస్తోంది కాబట్టి ఈ పెదనాన్న మాట ఒకటి విను. నీళ్ళలో బండి ఆగిపోతే మళ్ళీ స్టార్ట్ చేయకు. వెనకాల ఎంతమంది హారన్లు కొట్టినా సరే.

ఎందుకో చెప్తా. ఇంజను గాలి పీల్చే గొట్టం మూతి బానెట్ కింద ముందువైపే ఉంటుంది. నువ్వు కూర్చున్న చోట పొడిగానే ఉన్నా, ఆ మూతికి నీళ్ళందితే సిలిండర్లోకి పోతాయి. పిస్టన్ గాలినైతే నొక్కుతుంది, నీళ్ళని నొక్కలేదు. పైకి రాబోయి ఆగిపోతుంది. కింద క్రాంకేమో తిరగబోతుంది. నడుమ నలిగిపోయేది కనెక్టింగ్ రాడ్. డీజిలు బండికి మరీ ప్రమాదం. పిస్టన్ పైన మిగిలే చోటే తక్కువ కనుక కాసిని నీళ్ళు చాలు.

రాడ్ విరిగి బ్లాకుకు చిల్లు పడితే వెంటనే తెలుస్తుంది. కొంచెమే వంగిందనుకో, బండి స్టార్టవుతుంది, తిరుగుతుంది కూడా. ఎప్పుడో హైవే మీద మంచి స్పీడులో ఉండగా విరుగుతుంది. అందుకే "స్టార్టయింది, ఏం కాలేదు" అనే మాట నేను నమ్మను.

నిలబెట్టి ఉన్న బండి మునిగినా ఇదే సంగతి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు ఇళ్ళ ముందున్న కార్లు ఎన్నో నీళ్ళ పాలయ్యాయి. అలాంటి బండికి నీళ్ళు తీశాక "ఒకసారి చూద్దాం" అని సెల్ఫ్ కొడితే, అప్పటిదాకా బాగున్న ఇంజను కాస్తా పోతుంది. బ్యాటరీ నెగటివ్ వైరు ఊడదీసి మెకానిక్‌ని పిలువు. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే లోపల నీళ్ళున్నట్టే. ప్లగ్గులు తీసి, ఇంజను చేత్తో తిప్పి నీళ్ళు కక్కించి, ఆయిలూ ఫిల్టర్లూ మార్చాలి. ఆలస్యం చేస్తే సిలిండర్లకు తుప్పు పడుతుంది. నీది ఆటోమేటిక్ కదా, తాడు కట్టి లాగనివ్వకు. ఫ్లాట్‌బెడ్ లారీ మీదే ఎక్కించు.

ఇక ఇన్సూరెన్స్. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే నీ బండికి పైసా రాదు. ఫుల్ పాలసీ వరద నష్టానికి ఇస్తుంది గానీ, నీళ్ళు పోయాక నువ్వు సెల్ఫ్ కొట్టి పాడుచేసుకున్న ఇంజనుకు సర్వేయర్ అడ్డం తిరుగుతాడు. దానికే ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్-ఆన్ వేరేగా ఉంటుంది. అదున్నా సరే, ఆగిన బండిని పదేపదే స్టార్ట్ చేశావని తెలిస్తే పేచీ పెడతారు.

అసలు పారే నీళ్ళలోకి దిగకు. ప్రకటనల్లో వాగులు దాటే ఎత్తు బండ్లను చూసి మురిసిపోకు. రెండడుగుల ప్రవాహం చాలు, కారు తేలిపోతుంది. నిలవ నీళ్ళయినా సగం టైరు దాటాయంటే వెనక్కి తిప్పు. బస్సు పక్కన అసలు వెళ్ళకు, దాని అల నేరుగా నీ బానెట్ మీదికే లేస్తుంది.

పాలసీ కాగితం ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టు, యాడ్-ఆన్ ఉందో లేదో చూసి చెప్తా.