మూసిన తలుపు వెనుక గురువు

మన పిల్లలకు చదువు చెప్పే అధ్యాపకుడు తన ఇంట్లో ఎలా ఉంటాడో తెలుసుకునే హక్కు మనకుందా? గురువంటే ఆదర్శం కదా, ఆయన జీవితంలో దాపరికం ఎందుకు అని కొందరు అడుగుతుంటారు. మాట సబబుగానే తోస్తుంది. కాని అది ఎక్కడికి దారి తీస్తుందో 2010లో అలీగఢ్‌లో చూశాం.

అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో రామచంద్ర సిరాస్ అనే మరాఠీ ప్రొఫెసర్ ఉండేవారు. ఆయన కవి కూడా. ఫిబ్రవరి 8 రాత్రి కొందరు కెమెరాతో ఆయన ఇంట్లోకి జొరబడి, ఆయన మరో పురుషునితో ఉండగా చిత్రీకరించారు. విశ్వవిద్యాలయం ఆయన్ని సస్పెండ్ చేసింది. ఏప్రిల్ 1న అలహాబాద్ హైకోర్టు ఆ ఉత్తర్వును నిలిపివేసింది. ఏప్రిల్ 7న ఆయన తన ఇంట్లో శవమై కనిపించారు.

ప్రొఫెసర్ చేసిన పని విషయంలో ధర్మం ఏం చెబుతుందో పాఠకులకు తెలుసు. అయితే ఆ రాత్రి ఆ గడప దాటినవారు చేసినది ఏమిటి? దాని గురించి మనం మాట్లాడుకున్నది చాలా తక్కువ.

దివ్యఖుర్ఆన్ అల్ హుజురాత్ సూరా 12వ ఆయతులో అనుమానాలకు పోవద్దని, ఇతరుల గుట్టు కూపీ లాగవద్దని, పరోక్షనింద చేయవద్దని అల్లాహ్ ఆదేశించాడు. అన్ నూర్ సూరా 27వ ఆయతు అనుమతి లేనిదే, సలాం చెప్పనిదే పరుల ఇళ్ళలో ప్రవేశించవద్దంటుంది. ఆ ఇల్లు పుణ్యాత్ముడిదా, పాపాత్ముడిదా అన్న షరతు అక్కడ లేదు.

హజ్రత్ ఉమర్ (రజి) గురించి ప్రసిద్ధమైన ఒక ఉదంతం ఉంది. ఒక రాత్రి ఆయన ఓ ఇంటి గోడెక్కి లోపలికి దిగి, మద్యంతో ఉన్న వ్యక్తిని పట్టుకున్నారు. “నేను చేసిన తప్పు ఒకటి, మీరు చేసినవి మూడు” అన్నాడతను. కూపీ లాగటం, వాకిలి వదిలి గోడ దూకటం, అనుమతి లేకుండా రావటం. ఖలీఫా అంతటివారు తన తప్పు ఒప్పుకుని, అతణ్ణి వదిలి వెళ్ళిపోయారు.

మరి గురువు నడవడిని అసలు పరిశీలించకూడదా? హదీసు విద్వాంసులు ఉల్లేఖకుల సత్యసంధతను నిశితంగా విచారించలేదా? విచారించారు. ఎందుకంటే ప్రవక్త (స) మాట వారి చేతిలో అమానతు. అన్యాయంపై ఫిర్యాదు చేయటానికి, ఇతరులను ప్రమాదం నుంచి హెచ్చరించటానికి ఒకరి దోషం చెప్పవచ్చని ఇమామ్ నవవీ (రహ్మ) వివరించారు. వినోదం కోసం, పగ తీర్చుకోవటం కోసం కాదు.

గీత ఇక్కడే ఉంది. ప్రొఫెసర్ విద్యార్థినిని వేధిస్తే, మార్కులకు లంచం అడిగితే, పక్షపాతం చూపితే అది ఆయన సొంత వ్యవహారం కాదు, అమానతులో ద్రోహం. దాన్ని దాచటం బాధితులకు అన్యాయం. ఫిర్యాదు చేయాలి, విచారణ జరగాలి. కాని పిల్లలకు ఏ హానీ లేని విషయం, తలుపు మూసుకున్న తరువాతి విషయం ఆయనకూ ఆయన ప్రభువుకూ మధ్యనే ఉంటుంది.

2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. అది చట్టం మాట. విశ్వాసికి అంతకు ముందే ఆజ్ఞ అందింది.

సోదర సోదరీమణులారా! ఈ రోజు గోడ దూకనక్కర్లేదు. ఎవరో తీసిన వీడియో మన ఫోన్‌లోకి వస్తుంది. దాన్ని ఇంకొకరికి పంపిన క్షణాన మనమూ ఆ గోడ దూకినవాళ్ళమే. తోటివారి లోపాన్ని కప్పినవారి లోపాన్ని అల్లాహ్ ప్రళయదినాన కప్పుతాడని ప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. కప్పి ఉంచవలసిన లోపాలు మనలో ఎవరికి లేవు?

ఇతరుల గుట్టు కాపాడే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.