బ్రదికియుండగా పరామర్శ

(యాకోబు 1:27, యోహాను 5:1–14, 2 తిమోతి 4:9–21 చదువుడి.)

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో “పరామర్శకు పోయి వచ్చినాము” అని ఎవరైనను చెప్పినయెడల, “ఎవరు పోయినారు?” అని వెంటనే అడుగుదుము. ఆ మాటకు మన నోట అట్టి అర్థమే స్థిరపడిపోయినది. చావు జరిగిన యింటికి బెంగుళూరునుండి కుమారులు, చెన్నైనుండి కుమార్తెలు, పల్లెలనుండి బంధువులు వత్తురు. వాకిట షామియానా వేయుదురు. కుర్చీలు చాలక పొరుగింటినుండి తెప్పింతురు. ఆ కుర్చీలలో ఒక్కదానిని ఆ ముసలితల్లి బ్రదికియున్న దినములలో ఆమె మంచము ప్రక్కన వేసికొని, ఎవరైనను ఒక గంటసేపు కూర్చుండియుండినయెడల ఎంత బాగుండెడిది! యాకోబు చెప్పిన పరామర్శ చనిపోయినవారిని గూర్చినది కాదు, ఇబ్బందిలో బ్రదుకుచున్నవారిని గూర్చినది.

మన తెలుగు బైబిలులో యాకోబు పత్రికయందు “పరామర్శించుట” అనియు, మత్తయి 25:36లో రోగిని “చూడవచ్చుట” అనియు, లూకా 1:68లో దేవుడు తన ప్రజలకు “దర్శనమిచ్చుట” అనియు ఉన్నది. గ్రీకు మూలములో ఈ మూడు చోట్లను ఒకే క్రియాపదము. బిషప్పు అను బిరుదు సహితము ఆ ధాతువునుండియే పుట్టినది. కాబట్టి దేవుడు మనయొద్దకు వచ్చుటకును, మనము ఒక అవ్వ యింటికి పోవుటకును ఒకే మాట వాడబడినదని గ్రహింపవలెను. తిరుపతిలో కాపురమున్న మనకు దర్శనమను మాట క్రొత్తది కాదు. దినమునకు 60 వేలకు పైబడిన యాత్రికులు మన వీధులగుండ పోయి వచ్చుచున్నారు. ఇంతమంది వచ్చిపోవు ఊరిలో వారములకొలది ఎవరును తలుపు తట్టని ముసలివారు ఉన్నారు.

వీరి పిల్లలు అందరును కఠినులని మేము అనము. చదువు, ఉద్యోగము వారిని దూరదేశములకు కొనిపోయినవి. అనేకులు నెల తప్పక డబ్బు పంపుచున్నారు, రమ్మని పిలుచుచున్నారు. రానని చెప్పువారు తల్లిదండ్రులే. బెంగుళూరు ఐదవ అంతస్తులో పగలంతయు తలుపు వేసికొని కూర్చుండుటకంటె, తన యింటి అరుగు, తన చింతచెట్టు మేలని వారికి తోచును. ఇది మొండితనమని మనము తొందరపడి తీర్పు తీర్చరాదు. 2 సమూయేలు 19వ అధ్యాయములో గిలాదువాడైన బర్జిల్లయి యెనుబది సంవత్సరములవాడు. దావీదు తనతో యెరూషలేమునకు వచ్చి తన యింట భోజనము చేయుమని ఆయనను పిలిచెను. ముసలివాడు నది దాటువరకు రాజును సాగనంపి, నా తలిదండ్రుల సమాధి ఉన్న నా ఊరిలోనే చనిపోవుదునని వేడుకొనెను. దావీదు ఆయనను బలవంతము చేయక, ముద్దు పెట్టుకొని, దీవించి పంపివేసెను.

ఇక ప్రభుత్వము చేయుచున్నదానిని మనము చిన్నచూపు చూడరాదు. 2024 జూలైనుండి మన రాష్ట్రములో వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ప్రతి నెల మొదట సచివాలయపు ఉద్యోగి ఇంటికే వచ్చి ఇచ్చుచున్నాడు. అది గొప్ప ఉపకారమే. అయితే ఆయనకు ఇంకను అనేక యిండ్లు తిరుగవలసియున్నది. “కూర్చో నాయనా, కాఫీ తాగి పో” అని అవ్వ అనును. “ఇంకోసారి అవ్వా” అని ఆయన పోవును. తల్లిదండ్రుల పోషణను గూర్చి 2007లో పార్లమెంటు చట్టము చేసెను. దానినిబట్టి పిల్లలు భరణమియ్యవలెనని ఆజ్ఞ పొందవచ్చును. అయితే వారము వారము వచ్చి ఒక గంట మాటలాడి పొమ్మని ఏ అధికారి ఆజ్ఞాపింపగలడు? ఐశ్వర్యవంతమైన దేశములలోను ఇదే చిక్కు ఉన్నది. యుద్ధము ముగిసిన పిమ్మట, 1946లో, పారిసు పట్టణమున ఆర్మాన్ మార్కిజే అను ఆయన ఒంటరి ముసలివారికి భోజనము మోసికొనిపోవు స్వచ్ఛంద సేవను ప్రారంభించెను. ఆయన రొట్టెతోపాటు పువ్వులను కూడ తీసికొనిపోవలెనని పట్టుబట్టెడివాడు. ఆకలిగొన్నవారికి పువ్వులేల అని అడిగినవారు లేకపోలేదు.

ఇక్కడ ఒక చిక్కుప్రశ్న ఉన్నది. జాబితా వ్రాసికొని, వంతులు వేసికొని, గడియారము చూచికొని చేయు దర్శనము ప్రేమయగునా? కన్నపిల్లల స్థానములో పరాయివారు పోయి కూర్చుండుట వలన, 1 తిమోతి 5వ అధ్యాయములో పౌలు పిల్లలమీదను మనుమలమీదను ఉంచిన భారమును మనమే తీసివేయుచున్నామా? ఈ రెండవ దానికి ఉత్తరము సులభమే. పౌలు అదే అధ్యాయములో నిజముగా దిక్కులేనివారి భారము సంఘముదని చెప్పుచున్నాడు. కుమారునికి ఫోను చేసి “అమ్మ నిన్ను తలంచుకొనుచున్నది” అని చెప్పగలవారు ఆమె యింటికి పోయి వచ్చినవారే గదా. మొదటి ప్రశ్న మాత్రము మమ్మును చాల కాలము బాధించినది, ఎందుచేతనో చెప్పుదుము.

చిత్తూరు సమీపమున ఒక గ్రామములో, భర్త చనిపోయి ఒంటరిగానున్న ఒక టీచరమ్మ యింటికి మాలో కొందరము ప్రతి ఆదివారము మధ్యాహ్నము పోవుచుంటిమి. ఆమె కాఫీలో చక్కెర దండిగా వేయును. మాలో చక్కెరవ్యాధి గల ఒక సహోదరుడు ఆ కాఫీ కొరకు మధ్యాహ్నము అన్నము తగ్గించుకొనెడివాడు. పోయి వచ్చినన్ని యిండ్లు, చేసినన్ని ప్రార్థనలు ఒక పుస్తకములో గురుతు పెట్టుకొని సంఘకూటములో చదివి వినిపించుచుంటిమి. నాలుగు నెలలు సాగినది. తరువాత సెలవు బైబిలు పాఠశాలలు, పెండ్లిండ్లు, మామిడికాయల కోత వచ్చెను. ఒక వారము మానితిమి. మరుసటి వారము పోవుటకు సిగ్గుపడితిమి. ఆ సిగ్గుతోనే ఆగస్టు వచ్చినది. అప్పుడు పోయి వాకిట నిలువగా, ప్రతి ఆదివారము మూడు గంటలకే ఆమె అరుగుమీద రెండు కుర్చీలు వేసి, ఫ్లాస్కులో కాఫీ పోసి, చీకటి పడువరకు కూర్చుండెడిదని పొరుగింటివారు చెప్పిరి. ఆమె మమ్మును ఒక్క మాట అనలేదు. “మీకేదో కష్టం వచ్చిందనుకుంటి నాయనా. దేవునికి చెప్పుకుంటా ఉంటి” అనెను.

పుస్తకములో గురుతు పెట్టుకొన్నవారము మేము. ఆ నెలలన్నిటిలో ప్రార్థించినది ఆమె. మేము పోకయే యుండినయెడల ఆమెకు ఆ ఎదురుచూపు లేకపోయెడిది గదా అని ఆ రాత్రి తలంచితిమి. ఇప్పుడు అట్లు తలంచుట లేదు. తప్పు వంతులు వేసికొనుటలో లేదు, వంతు తప్పుటలో ఉన్నది. బిడ్డకు పాలిచ్చు తల్లియు వేళ చూచియే ఇచ్చును; అందువలన అది ప్రేమ కాకపోదు. మనస్సు పుట్టినప్పుడు పోవుదుమనువారి కంటె, నెలకు ఒక్క పర్యాయమే వత్తునని చెప్పి ఆ దినమున తప్పక వచ్చువాడు మేలు. గురుతుల పుస్తకము మాత్రము మేము మానివేసితిమి. ఆమె కుర్చీ వేసికొని ఎదురుచూచునది ఆ పుస్తకములోని లెక్క కొరకు కాదు.

మరియొక సంగతి మన సంఘములలో చెప్పుట కష్టమే, అయినను చెప్పవలెను. 1853లో ఏర్పడిన ఆర్కాటు మిషను, 1865లో తెలుగుదేశమునకు వచ్చిన హెర్మన్స్‌బర్గు మిషను పనిచేసిన ఈ ప్రాంతములలో బైబిలు స్త్రీలు ఇంటింటికి నడిచి, ఆడువారి ప్రక్కన కూర్చుండిరి. వారి ఓర్పు మనకు రావలెను. అయితే ఒంటరివాని యింట మనము బోధ చేయునప్పుడు జాగ్రత్తపడవలెను. మరల రారేమోయను భయముతో మనము చెప్పినదానికెల్ల తల యూచువారు ఉందురు. ఆ తల యూపును విశ్వాసముగా లెక్కించుట న్యాయము కాదు. బేతెస్ద కోనేటియొద్ద ముప్పది యెనిమిది యేండ్లు పడియున్నవాడు తనకు ఎవరును లేరని ప్రభువుతో చెప్పుకొనెను. స్వస్థత పొందినప్పుడు తన్ను బాగుచేసినది ఎవరో కూడ వాడెరుగడు. ప్రభువు తరువాత దేవాలయములో మరల వానిని కనుగొనెను. యోబు స్నేహితులు ఏడు దినములు నేలమీద మౌనముగా కూర్చుండిరి. వారు చేసిన మంచిపని అంతయు ఆ ఏడు దినములలోనే ఉన్నది.

వినుట అనునది మాటలాడుటకంటె కష్టమైన పని. చెప్పిన కథనే నాలుగవమారు వినవలెను. 1915నుండి మదనపల్లి చేరువనున్న ఆరోగ్యవరములో, క్షయకు సరియైన మందు లేని దినములలో, రోగులు నెలల తరబడి పడకమీద నుండెడివారు. అట్టివారికి తలుపు చప్పుడు ఎంతటి సంగతియో వేరుగ చెప్పనక్కరలేదు. ఇచ్చినది పుచ్చుకొనుటయు మనము నేర్చుకొనవలెను. గ్లాసెడు మజ్జిగ ఇచ్చినయెడల వద్దనరాదు. ఎన్ని దినములనుండియో ఎవరికైనను ఏదైన ఇచ్చు భాగ్యము ఆమెకు లేకపోయెను గదా. పౌలు రోమా సంఘమును చూడగోరినప్పుడు, తాను వారిని బలపరచుటయే గాక వారివలన తానును ఆదరణ పొందవలెనని వ్రాసెను.

ఆ పౌలే ముసలితనములో చెరసాలనుండి తిమోతికి వ్రాయుచు ఎంత చిన్న సంగతులు అడుగుచున్నాడో చూడుడి: త్రోయలో కర్పు యింట విడిచిన అంగీ, పుస్తకములు, చలికాలమునకు ముందుగా రావలెనను మనవి. లూకా మాత్రమే తనతో ఉన్నాడట. అంత గొప్ప అపొస్తలుడు అంగీని గూర్చి వ్రాయుటకు సిగ్గుపడలేదు.

టీచరమ్మ కూడ ఈ మారు మమ్మును ఒకటి అడిగినది. ఆమె రేడియో పలుకుట లేదు. పెద్ద బ్యాటరీలు రెండు కావలెనట, ఆ ఊరి అంగడిలో దొరకుట లేదట. ఈ ఆదివారము మూడు గంటలకు మాలో ఇద్దరము పోవుచున్నాము. బ్యాటరీలు చిత్తూరు బజారులో శనివారమే కొనిపెట్టవలెను.