జాడీ లెక్క

మా మనవడు కంప్యూటర్లో వ్యవసాయం చేస్తున్నాడు. స్టార్‌డ్యూ వ్యాలీ అని 2016లో వచ్చిన ఆటట. అందులో పండు పండిస్తే చాలదు. పీపాలో పోసి వైన్ చెయ్యాలా, జాడీలో వేసి జెల్లీ చెయ్యాలా అన్నదే ధర్మసందేహం!

"పీపాలో వేస్తే ధర మూడింతలు. కానీ దాదాపు వారం పడుతుంది అమ్మమ్మా! జాడీలో రెండింతలూ, పైన ఇంకో 50. రెండు మూడు రోజులు చాలు. 50 నాణేల బ్లూబెర్రీకి ఎందులో వేసినా 150 వస్తుంది. అందుకే జాడీ!"

కాలానికీ ఖరీదుందన్నమాట.

"మరి నీ ఆవకాయ జాడీకి?" అన్నాడు.

కాయలు, నూనె, కారం, ఆవపిండి... వేళ్లు మడిచి చెప్పాను.

"మరి నీ రెండు రోజులో?"

నోట మాట రాలేదు. నలభై ఏళ్లుగా ఆ పద్దు ఎవరూ రాయలేదు, నేనూ రాయలేదు. ప్రేమకి వెల కట్టకూడదంటాం. నిజమే. కానీ వెల కట్టకపోవడం వేరు, అసలు లెక్కలోకే రాకపోవడం వేరు కదూ?

వచ్చే వేసవిలో ముక్కలు తుడిచే పని వాడిదే. అప్పుడు లెక్క వాడికే తెలుస్తుంది.