కరణికుని కాయకము

బసవేశ్వరుడు బిజ్జలుని కొలువున దండనాయకుడగుటకు పూర్వము కరణికుడు. లెక్కలు వ్రాయువాడు. కన్నడమున హరిహరుడు రచించిన బసవరాజ రగళె ఆయన మంగళవాడ చేరి కరణికుల పంక్తిలో కూర్చుండిన విధమును వర్ణించుచున్నది. మహామంత్రిగా, భక్తిభండారిగా ఆయనను స్మరించువారు పెక్కుమంది. చిట్టా ఆవర్జాల ముందు కూర్చుండిన యువకునిగా స్మరించువారు అరుదు. ఓరుగల్లు ప్రాంతపు శరణులు ఈ మాటను ప్రత్యేకముగా జ్ఞప్తియందుంచుకొనదగును. ఏలయన, బసవపురాణమును ద్విపదలో రచించిన పాల్కురికి సోమనాథుని ఊరు ఈ సమీపముననే యున్న పాలకుర్తి. హనుమకొండలో వేయిస్తంభముల గుడి వెలసిన 1163వ సంవత్సరము నాటికి బసవేశ్వరుడు బిజ్జలుని కొలువుననే యున్నాడు. కాలముచేత గాని దేశముచేత గాని ఆ కరణికుడు ఈ నేలకు దూరపువాడు కాడు.

బసవపురాణమున ప్రసిద్ధమైన ఘట్టమొకటి కలదు. రాజభాండారమును బసవడు జంగములకు పంచిపెట్టుచున్నాడని ఓర్వలేనివారు బిజ్జలుని చెవిని వేసిరి. రాజు లెక్క చూపుమనెను. భాండారమును తెరచి ఎంచి చూడగా ధనము తక్కువ కాలేదు. పురాణ ప్రవచనములలో ఈ కథను శివుని మహిమగా చెప్పుదురు, చెప్పవలసినదే. కాని ఆ మహిమకు ముందొక క్షణమున్నది. దానిపై ఎవరును నిలువరు. లెక్క అడిగినపుడు బసవడు కోపింపలేదు, తన భక్తిని శంకింతురా యని అలుగలేదు. భాండారము తలుపు తెరచెను. పరీక్షకు నిలుచుట అవమానమని ఆయన యెంచలేదు.

నేడు అట్టి పరీక్షకు నిలువవలసిన యువకుడొకడు వరంగల్లులో ఉన్నాడనుకొందము. బి.కాం. ముగించి, చార్టర్డ్ అకౌంటెంటు కావలెనని ఆర్టికల్స్ పూర్తిచేసి, తుది పరీక్షలో తప్పినాడు. హైదరాబాదులో ఒక సంస్థలో లెక్కల విభాగమున చేరి, మరల వ్రాయవచ్చులెమ్మని కాలము గడపినాడు. సంస్థ ఖర్చులు తగ్గించుకొన్నది, ఉద్యోగము పోయినది. పెట్టె పట్టుకొని గిర్మాజిపేటలోని తండ్రి యింటికి వచ్చినాడు. తండ్రి పదవీ విరమణ చేసినవాడు, చెల్లెలికి సంబంధములు చూచుచున్నారు. ఇరుగుపొరుగువారు అడిగినపుడు తల్లి, “మా అబ్బాయి ఇంటినుండే పని చేస్తున్నాడమ్మా” యనుచున్నది. ఆదివారము జరుగు వచన పారాయణమునకు అతడు రావడము మానివేసినాడు. ఇష్టలింగ పూజ ఇంటిలో జరుగుచునే యున్నది. దాసోహపు పళ్లెములో వేయుటకు చేతిలో కాసు లేదని మఠము మెట్లు మాత్రము ఎక్కుట లేదు.

ఇట్టి ఇండ్లు ఒకటి కాదు. తల్లి పలికిన ఆ ఒక్క మాటను తప్పుపట్టుట సులభము, ఆమె మనసు తెలిసినవాడు అంత సులభముగా తప్పుపట్టడు. కాని అది తప్పుడు పద్దు. ఒక పద్దు తప్పుగా వ్రాసినచో, దానిని నిలుపుటకు రెండవది వ్రాయవలసివచ్చును. పెండ్లివారు జీతమెంతయని అడుగుదురు, దానికొక సంఖ్య చెప్పవలెను. 2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి తన లెక్కలు అబద్ధములని తానే లేఖ వ్రాసినపుడు దేశమంతయు నివ్వెరపోయినది. లేనిదానిని ఉన్నట్లు చూపిన నగదు, బ్యాంకు నిల్వలే 5,040 కోట్ల రూపాయలు. మొదట స్వల్పముగానున్న వ్యత్యాసము క్రమముగా పెరిగి చేతులు దాటినదని ఆ లేఖలోనే యున్నది. లెక్కల విద్య చదువుచున్న కుమారుడున్న ఇంటిలో ఈ సంగతి తెలియనిది కాదు. నష్టము వచ్చిన సంవత్సరమున నష్టమని వ్రాసి, దానిని మరుసటి యేటి పుటకు తెచ్చుకొనుట వర్తకునకు సిగ్గు కాదు. దుకాణము మూయక నడుపువాడు చేయు పని అది.

ఇక పరీక్ష మాట. 1949 నాటి చట్టముచే ఏర్పడిన చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ నియమము సరళమైనదే, కాని కఠినమైనది. ప్రతి పేపరులో నూటికి 40 మార్కులు రావలెను. గ్రూపు మొత్తముమీద నూటికి 50 రావలెను. మూడు పేపర్ల గ్రూపులో మూడింటను 40 చొప్పున తెచ్చుకొన్నవాడు ఏ పేపరులోను తప్పలేదు, అయినను 120తో గ్రూపు తప్పును, 150 కావలెను. మరియొకనికి రెండు పేపర్లలో 65, 70 వచ్చి మూడవదానిలో 38 వచ్చును. మొత్తము 173 అయినను అతడును తప్పినవాడే. ఇంటిలో ఇద్దరిని గూర్చియు ‘ఫెయిలయినాడు’ అనెదరు. ఇద్దరి లెక్క ఒకటేనా? మొదటివానికి అన్నింట పునాది పలుచన. రెండవవానికి ఒకచోట గోడ పగిలినది. పైగా, గ్రూపులోని పేపర్లన్నియు వ్రాసి, 60కి తగ్గక వచ్చిన పేపర్లకు తరువాతి మూడు అవకాశములలో మినహాయింపు కలదు గనుక, ఆ రెండవవాడు మరల వ్రాయవలసినది ఒక్క పేపరే. మార్కుల పట్టికను మడిచి బీరువాలో బట్టల అడుగున దాచువాడు ఈ భేదమును చూడజాలడు. రుసుము చెల్లించి దిద్దిన జవాబు పత్రముల ప్రతిని తెప్పించుకొను వీలున్నది. దానిని సంస్థ ప్రకటించు ఆదర్శ సమాధానముల ప్రక్కన పెట్టుకొని, తెలియక పోగొట్టుకొన్న మార్కులెన్ని, తెలిసియు వేళ చాలక పోగొట్టుకొన్నవెన్ని యని రెండు వరుసలుగా వ్రాసికొనవలెను. ఇది భాండారపు తలుపు తెరచుట వంటిది. ఆ పత్రము చేతికి వచ్చిన దినమున అన్నము సహింపకపోవచ్చును. మరునాడు సహించును.

కొందరు పెద్దలొక సందేహము లేవదీయుదురు: ఉద్యోగము లేనివాడు ఇంట కూర్చుండి చదువుట కాయకమెట్లగును? సందేహము న్యాయమైనదే. కాయకమనగా తాను కుడుచుటకును, పదుగురికి పెట్టుటకును చేయు పని. బిరుదు కొరకు చేయు ప్రయాస దానికి సాటి రాదు. పేరు చివర రెండక్షరములు చేరవలెనను కోరికయే చదివించుచున్నచో దానిని కాయకమనుట శరణులకు తగదు. కాని ఒక లెక్కల క్రింద సంతకము చేయువాని మాటను నమ్మి, అతని ముఖమైనను చూడనివారు తమ సొమ్మును పెట్టుదురు. ఆ నమ్మకమునకు తగినవాడగుటకై చదువువాని కూర్చుండుట వేరు.

ఐనను కడుపు సంగతి ఉన్నది. ఆయ్దక్కి మారయ్య కల్యాణములో నేలరాలిన బియ్యపు గింజలను ఏరితెచ్చుటయే కాయకముగా బ్రతికినవాడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినపుడు, ఎక్కువైనది తిరిగి ఇచ్చిరమ్మని పంపినది ఆయన భార్య లక్కమ్మ. గోష్ఠిలో మునిగి పనిమాట మరచినపుడు లేవదీసినదియు ఆమెయే. ఆ దంపతుల కథను ఆశ తగ్గించుకొనుటకే చెప్పుదురు గాని, దానిలో మరియొకటి యున్నది. చిన్న పని చిన్నది కాదు. ఏనుమాముల మార్కెట్టులోని అడ్తి దుకాణములలో, పత్తి మిర్చి సీజనులో, నమ్మకముగా లెక్క వ్రాయువానికి పని దొరుకును. జి.ఎస్.టి. పత్రములు దాఖలు చేయవలసిన చిన్న వర్తకులు ఊరినిండ ఉన్నారు. తెల్లవారుజామున నాలుగు గంటలు చదివి, మధ్యాహ్నము మరల పుస్తకములతో కూర్చుండి, సాయంకాలము రెండు గంటలు ఒక దుకాణపు చిట్టా వ్రాయువాడు ఇంటికి బియ్యము తేగలడు. పుస్తకములో చదివిన నియమము అచ్చట ఎట్లు పనిచేయుచున్నదో ఎట్లు విరుగుచున్నదో చూడగలడు. హైదరాబాదులో పెద్ద జీతము తీసికొన్నవాడు అడ్తి గద్దెమీద కూర్చుండుటా యను మాట వచ్చును. వచ్చినచో రానిండు. ఇంటిలో చోటు చాలనివానికి హనుమకొండలో 1904లో స్థాపింపబడిన రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషానిలయము వంటి గ్రంథాలయములు కలవు. ఆ నీడను చదివినవారు తరతరములవారు.

ఈ విషయమున మఠములకును సంఘపు పెద్దలకును పని లేకపోలేదు. ‘ఇది ఎన్నవసారి?’ యని అడుగుట పరామర్శ కాదు. అమావాస్య నాడు పదిమందిలో అడుగుట మరియు కాదు. దాసోహమనగా పళ్లెములో వేయు నోటు మాత్రమే యను భావమును ఆ యువకుడు ఎక్కడ నేర్చినాడు? పళ్లెము ముందు నిలిచిన పెద్దల చూపులోననే కదా! అడుగవలసినది వేరు: ఎన్నడు వ్రాయుచున్నావు, ఏమి కావలెను, పుస్తకములు చాలినవా. తుది పరీక్ష 2025 నుండి ఏడాదికి మూడుమార్లు జరుగుచున్నది గనుక, తప్పిన గడువునకై ఆరు మాసములు వేచియుండు బాధ తగ్గినది. సిద్ధపడుటకు చిక్కు వేళయు ఆ మేరకు తగ్గినది. ఈ సంగతి తెలిసిన పెద్ద ఒక్కడు సంఘమున ఉన్నను మేలు.

వైశాఖమున బసవ జయంతి వచ్చుసరికి మే నెల పరీక్షలు తలమీద నుండును. ఆ గిర్మాజిపేట యువకునికి ఉత్సవపు పనులు చెప్పకుండుటయే దయయని కొందరందురు. అయినను సంఘపు కోశాధికారి యొకడు ఒకనాటి సాయంకాలము అతని యింటికి వెళ్లి, తల్లి యిచ్చిన మజ్జిగ త్రాగి, ఉద్యోగము మాట ఎత్తకయే, క్రిందటి జయంతి అన్నదాసోహపు జమాఖర్చుల పుస్తకమును అతని ముందు పెట్టినాడనుకొందము. నిల్వ తేలుట లేదు, రెండు వారములుగా కూడుచున్నాము, ఒక గంట చూచిపెట్టుమని అడిగినాడనుకొందము. యువకుడు పెన్సిలు తీసికొని, పుటలు త్రిప్పి, మూడవ పుటలో బియ్యపు బస్తాల పద్దు ఒకటి రెండుమార్లు వ్రాయబడినదని చూపును. తల్లి వాకిలి దగ్గర నిలిచి చూచుచుండును. కోశాధికారి పుస్తకము మూసి, “ఈ యేటి లెక్క కూడ నీవే వ్రాయవలె నాయనా, పరీక్ష అయిన పిమ్మట” అని చెప్పి, చెప్పులు తొడిగికొనును.